ప్రశ్నపత్రం అచ్చు వేయకముందే మమ్మల్ని అడగండి

గ్రామీణ ఆసుపత్రుల్లో గుండె వైఫల్యం మీద పరిశోధనలు చేసే డాక్టర్లకు, వాటికి అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీల సభ్యులకు, నిధులు మంజూరు చేసే సంస్థల పెద్దలకు,

నమస్కారం.

నేను బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ఆరేళ్ళుగా గుండె వైఫల్యం (హార్ట్ ఫెయిల్యూర్) పేషెంటుని. ఈ ఆరేళ్ళలో నాలుగుసార్లు ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డాను. నాలుగుసార్లూ నన్ను బతికించి ఇంటికి పంపింది పల్లెల మధ్య ఉన్న ఒక చిన్న ఆసుపత్రి. అక్కడి డాక్టర్లకూ నర్సులకూ నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ముందు చెప్పుకుని అసలు విషయానికి వస్తాను.

రెండేళ్ళ క్రితం ఆ ఆసుపత్రిలో ఒక స్టడీ మొదలైంది. గుండె వైఫల్యంతో చేరి డిశ్చార్జ్ అయినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడ్మిట్ కాకుండా చూడటం ఎలా అన్నది దాని ఉద్దేశం. నేనూ చేరాను. సంతకం పెట్టాను, రక్తం ఇచ్చాను, ఎకో (గుండె స్కానింగ్) తీయించుకున్నాను, నడవమన్నప్పుడు ఆరు నిమిషాలు నడిచాను. చదవడం రాని తోటి పేషెంట్లు ఫారాలు పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చేవాళ్ళు. "పంతులుగారూ, ఇందులో ఏం అడిగారో కాస్త చెప్పండి" అనేవాళ్ళు. అలా పాతిక మంది ఫారాలు నా చేత్తోనే నింపాను. ఆ ప్రశ్నలు తయారైన గదిలో మాలాంటివాళ్ళు ఒక్కరు కూడా లేరని అప్పుడే తెలిసిపోయింది.

ఆ సంగతే వివరంగా రాసి స్టడీ చూసేవాళ్ళకు ఒక ఉత్తరం ఇచ్చాం. పేషెంట్లం, ఇంట్లో మమ్మల్ని చూసుకునేవాళ్ళు కలిపి 14 మందిమి, కొందరం సంతకాలు, కొందరం వేలిముద్రలు వేశాం. "మీ సూచనలు నమోదు చేసుకున్నాం" అని ఒక్క లైను జవాబు వచ్చింది. మూడు నెలలు చూసి మళ్ళీ రాశాం. దానికి ఆ ఒక్క లైను కూడా రాలేదు. స్టడీ రెండో విడతకు ముందు మాలో ఇద్దరిని మీటింగుకు పిలిచారు. సంతోషంగా వెళ్ళాం. వెళ్ళేసరికి కొత్త ఫారాలు అచ్చయి కట్టలు కట్టి ఉన్నాయి. "అక్షరాలు బాగా కనిపిస్తున్నాయా?" అని అడిగారు. కనిపిస్తున్నాయన్నాం. ఒక ఫొటో తీసుకుని పంపేశారు.

మొదటి ఉత్తరం మీద సంతకం చేసిన 14 మందిలో ముగ్గురు ఇప్పుడు లేరు. మాకు ఎదురుచూసేంత టైమ్ లేదు. అందుకే ఇది బహిరంగంగా రాస్తున్నాను. ఏ ఒక్క ఆసుపత్రినో వేలెత్తి చూపడానికి కాదు. ఇలాంటి స్టడీలు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో అక్కడివాళ్ళంతా చదవాలని.

ఈ జబ్బు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంప్ చేయలేకపోవడం, లేదా గట్టిపడిపోయి సరిగా నిండకపోవడం. దాంతో నీరు వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో, పొట్టలో చేరుతుంది. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం. నాలుగు అడుగులు వేస్తే అలసట. ప్రపంచంలో 6 కోట్ల మందికి పైగా దీనితో బతుకుతున్నారు. మందులున్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. కానీ రోజూ మాత్రలు వేసుకోవడం, బరువు చూసుకోవడం, ఉప్పు తగ్గించుకోవడం, వాపు పెరిగితే వెంటనే గుర్తించడం, ఇవన్నీ జరిగేది ఆసుపత్రిలో కాదు, మా ఇంట్లో. ఈ జబ్బులో వైద్యం సగానికి పైగా పేషెంటు చేతుల్లోనే నడుస్తుంది. అలాంటి జబ్బు మీద పేషెంటుని అడగకుండా స్టడీ డిజైన్ చేస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. అది చెబుతాను.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది: "రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటారు?" డాక్టర్లు ఇది ఎందుకు అడుగుతారో నాకు తెలుసు. దిండ్లు పెరిగాయంటే పడుకుంటే ఊపిరి ఆడటం లేదని, నీరు పెరిగిందని అర్థం. నా పక్క మంచం పెద్దాయనను అడిగాను. "ఒకటే" అన్నాడు. నేను 1 వేయబోతుంటే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈయన పడుకుని రెండు నెలలైంది పంతులుగారూ. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. ఆ ఒక్క దిండూ నడుం వెనక పెడతాను" అంది. ఆమె ఆ క్షణంలో అక్కడ లేకపోతే మీ కంప్యూటర్లో ఆయన బాగున్నవాడి కింద లెక్కయ్యేవాడు. ఆయనేం అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి నిజమే చెప్పాడు. ప్రశ్నే తప్పు.

ఇంకొకటి నా అనుభవమే. స్టడీ వాళ్ళు నెలకోసారి ఆసుపత్రికి రమ్మన్నారు, ఉదయం 10 గంటలకల్లా. మా ఊరి నుంచి రెండు బస్సులు మారాలి. నీరు తీసే మాత్ర వేసుకుంటే గంట తిరక్కుండానే మూత్రానికి పరుగు మొదలవుతుంది, రెండు మూడు గంటలు వదలదు. బస్సులో ఎక్కడికి పోవాలి? అందుకని ఆ రోజు పొద్దున మాత్ర మానేసేవాణ్ణి. నేనొక్కణ్ణే అనుకున్నాను. వెయిటింగ్ బెంచీ మీద అడిగి చూస్తే దూరం నుంచి వచ్చిన దాదాపు ప్రతివాళ్ళూ అదే చేస్తున్నారు. ఆడవాళ్ళయితే ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్ళు కూడా తాగడం లేదు. అక్కడికి వెళ్ళాక బరువు చూస్తారు, వాపు నొక్కి చూస్తారు, రక్తం తీస్తారు. నెల మొత్తంలో మేం సరిగ్గా మాత్ర మానేసిన ఆ ఒక్కరోజునే మీరు మమ్మల్ని కొలుస్తున్నారు. అయినా "ఈరోజు మాత్ర వేసుకున్నారా?" అన్న ప్రశ్న ఫారంలో ఎక్కడా లేదు. స్టడీకి ముందు ఏ పేషెంటుని అడిగినా ఐదు నిమిషాల్లో చెప్పేసేవాడు.

మెట్ల ప్రశ్న కూడా అంతే. "ఆగకుండా ఒక అంతస్తు మెట్లు ఎక్కగలరా?" మా ఇళ్ళలో చాలావాటికి మెట్లే లేవు. గుండె వైఫల్యం స్టడీల్లో చాలాచోట్ల వాడే కాన్సాస్ సిటీ ప్రశ్నావళి అని ఒకటుంది, 23 ప్రశ్నలు, 2000లో వచ్చింది. నాణ్యంగా పరీక్షించి తయారుచేసినదే, దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ నగరంలో ఒక బ్లాక్ నడవగలరా, మెట్లెక్కగలరా అని అడిగే ప్రశ్నను భాష మార్చి మా చేతిలో పెడితే అది మా బతుకును కొలవదు. బిందె ఎత్తగలరా, వంగి పొయ్యి ముందు పని చేయగలరా, పొలం గట్టు దాకా ఆగకుండా వెళ్ళగలరా అని అడగండి. మా ఆయాసం ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇక మామూలు మనుషుల మీద దీని ప్రభావం ఏమిటో వరసగా చెబుతాను.

1. మా చావు మీ లెక్కలో విజయంగా కనిపించవచ్చు. "30 రోజుల్లో మళ్ళీ అడ్మిట్ అయ్యాడా లేదా" అన్నది చాలా స్టడీలకు ముఖ్యమైన కొలత. పెద్ద ఊళ్ళో ఆ కొలతకు అర్థం ఉంటుంది. పల్లెలో మనిషి మళ్ళీ అడ్మిట్ కాలేదంటే బాగున్నాడని కాదు. బండి దొరక్క ఇంట్లోనే ఉండిపోయి ఉండవచ్చు. దగ్గరలోని ఇంకో ఆసుపత్రికి వెళ్ళి ఉండవచ్చు. తోడు వచ్చేవాళ్ళు లేక ఊరుకుని ఉండవచ్చు. రాత్రిపూట ఇంట్లోనే పోయి ఉండవచ్చు. మా 14 మందిలో పోయిన ముగ్గురిలో ఇద్దరు ఇంట్లోనే పోయారు, ఆసుపత్రికి రాకుండానే. వాళ్ళ రికార్డులో రీఅడ్మిషన్ "లేదు" అనే ఉండి ఉంటుంది. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలని డిజైన్‌లోనే రాసుకుని ఉంటే ఈ పొరపాటు జరగదు.

2. స్టడీలోకి రానివాళ్ళకు స్టడీ ఫలితం పనికిరాదు. కిడ్నీ కాస్త దెబ్బతింటే తీసుకోరు. వయసు ఎక్కువైతే తీసుకోరు. నెలనెలా రాలేనివాళ్ళను తీసుకోరు, సొంత ఫోన్ లేనివాళ్ళను తీసుకోరు. గుండె వైఫల్యానికి మందులూ పద్ధతులూ పరీక్షించి చూసే స్టడీలు, అంటే ట్రయల్స్‌లో చేరేవాళ్ళు బయట ఉన్న అసలు పేషెంట్ల కంటే వయసులో చిన్నవాళ్ళు, ఎక్కువగా మగవాళ్ళు అని డాక్టర్లే ఎన్నోసార్లు రాశారు. పల్లె ఆసుపత్రిలో స్టడీ పెట్టి కూడా నెలనెలా వచ్చిపోగల ఓపికున్నవాణ్ణే ఎంచుకుంటే ఇక పల్లెలో పెట్టడం ఎందుకు?

3. మధ్యలో మానేసినవాళ్ళ మీద చెడ్డపేరు పడుతోంది. "సహకరించలేదు" అని రాస్తారు. ఒకామె మూడు నెలలు వచ్చి మానేసింది. పొలం పనుల రోజులు, కూలి పోతే ఇల్లు గడవదు. ఇంకొకాయనకు స్టడీ వాళ్ళు పగలు 11 గంటలకు ఫోన్ చేసేవాళ్ళు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆ టైములో కొడుకు జేబులో, పనిచేసే చోట ఉంటుంది. నాలుగుసార్లు ఎత్తకపోయేసరికి ఆయన పేరు కొట్టేశారు. సాయంత్రం 7 తర్వాత చేస్తే ఆయనే ఎత్తేవాడు.

4. ఇచ్చిన వస్తువులు మూల పడుతున్నాయి. ఇంటికి తూకం మిషన్ ఇచ్చారు, రోజూ చూసుకోమన్నారు. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే చెప్పమన్నారు. చాలా మంచి సలహా, నా ప్రాణం ఒకసారి అదే కాపాడింది. కానీ తూకం మిషన్‌కు గట్టి, చదునైన నేల కావాలి. మట్టి నేల మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపితే అంకె మారిపోతుంది. "మిషన్ అబద్ధం చెబుతోంది" అని ఒక ఇంట్లో దాన్ని అటక మీద పెట్టేశారు. మిషన్‌తో పాటు ఒక చదునైన రాతి పలక ఇచ్చి, "ఎప్పుడూ దీని మీదే, ఇదే చోట" అని చెప్పి ఉంటే సరిపోయేది. రాసుకునే డైరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. చదువు రానివాళ్ళ చేతికి గళ్ళ పుస్తకం ఇచ్చారు.

5. సంతకం ఎప్పుడు తీసుకుంటున్నారో చూడండి. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని, మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్న మనిషికి ఎనిమిది పేజీల అంగీకార పత్రం ఇస్తే ఏం చదువుతాడు? సంతకం పెట్టకపోతే వైద్యం ఆగుతుందేమో అన్న భయంతో పెట్టేస్తాడు. నేను చదువుకున్నవాణ్ణే. నేనూ అలాగే పెట్టాను.

మేం చెప్పేది కొత్త విషయమేమీ కాదు. 1964 నుంచి వైద్య పరిశోధనకు నీతి సూత్రంగా ఉన్న హెల్సింకి ప్రకటనను 2024 అక్టోబరులో సవరించినప్పుడు, పరిశోధనకు ముందు, జరిగేటప్పుడు, ముగిశాక కూడా అందులో పాల్గొనేవాళ్ళతో, వాళ్ళ సమాజాలతో అర్థవంతంగా కలిసి పనిచేయాలని చేర్చారు. ముందు అన్న మాటే అన్నిటికంటే ముఖ్యం. కట్టలు కట్టిన ఫారాల ముందు కూర్చోబెట్టడం ముందు అడగడం కాదు.

అడిగితే ఏం తేడా వస్తుందో చూపడానికి కీళ్ళవాతం డాక్టర్ల అనుభవం చాలు. జబ్బులో ఏమేం కొలవాలో తేల్చే తమ అంతర్జాతీయ సమావేశంలో 2002లో వాళ్ళు తొలిసారి పేషెంట్లను కూడా కూర్చోబెట్టారు. నొప్పి, వాపు కొలుస్తున్నారు సరే, మమ్మల్ని తినేస్తున్న అలసట సంగతేమిటి అని పేషెంట్లు అడిగారు. అప్పటిదాకా తప్పనిసరిగా కొలవాల్సినవాటిలో అలసట లేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ట్రయల్స్‌లో అలసటను కూడా కొలవాలని అందరూ ఒప్పుకున్నారు. ఎంతోమంది నిపుణులకు తట్టనిది జబ్బుపడ్డవాళ్ళకు తట్టింది.

మా జబ్బులోనూ సాక్ష్యాలున్నాయి. 2010లో అమెరికాలో టెలి హెచ్ఎఫ్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 1,653 మంది పేషెంట్లు. వాళ్ళలో సగం మంది రోజూ ఫోన్ చేసి, రికార్డు చేసిన గొంతు అడిగే ప్రశ్నలకు బటన్లు నొక్కి జవాబు చెప్పాలి. దానివల్ల రీఅడ్మిషన్లూ తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. ఆ పద్ధతికి కేటాయించినవాళ్ళలో 14 శాతం మంది ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. చివరి వారానికి వచ్చేసరికి వారానికి కనీసం మూడుసార్లు చేస్తున్నవాళ్ళు 55 శాతమే. రోజూ ఆయాసపడే మనిషి రోజూ ఒక మిషన్‌తో మాట్లాడతాడా అన్నది పేషెంటుకు ముందే తెలిసే సంగతి. 2018లో జర్మనీ నుంచి వచ్చిన ఇంకో ట్రయల్ 1,571 మందితో చేశారు. అక్కడ దూరం నుంచి చూసుకునే కేంద్రంలో రాత్రీ పగలూ డాక్టర్లు, నర్సులు ఉన్నారు. అనుకోకుండా గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం వల్లో, చనిపోవడం వల్లో పోయే రోజులు ఏడాదికి సగటున 24.2 నుంచి 17.8కి తగ్గాయి. రెండూ దూరం నుంచి చూసుకునే పద్ధతులే. రెండోదాంట్లో అవతల మనిషి ఉన్నాడు. ఇది ఒక్కటే కారణమని నేననను. కానీ మా బెంచీ మీద ఎవరిని అడిగినా, మాకు కావలసింది పలికే మనిషి అనే చెబుతారు.

బ్రిటన్‌లో రీచ్ హెచ్ఎఫ్ అనే కార్యక్రమం ఉంది. ఇంటి దగ్గరే చేసుకునే వ్యాయామం, జబ్బుతో బతకడం నేర్పే పుస్తకం, మధ్యమధ్య నర్సు సాయం. పేషెంట్లనూ ఇంట్లో చూసుకునేవాళ్ళనూ కలుపుకుని తయారుచేశారు. 216 మందితో చేసిన ట్రయల్‌లో జీవన నాణ్యత చెప్పుకోదగ్గంతగా మెరుగైంది. ఆసుపత్రి దూరమైనవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

దాహం సంగతి కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి మాకు నీళ్ళు కొలిచి తాగమన్నారు. రాత్రిళ్ళు నాలుక పిడచకట్టుకుపోతుంటే చెంబు వైపు చూస్తూ పడుకున్న రోజులు నాకున్నాయి. నిజంగా ఇంత అవసరమా అని ప్రతి పేషెంటూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటాడు. 2025లో నెదర్లాండ్స్‌లో 504 మందితో చేసిన ట్రయల్ ఆ ప్రశ్నను నేరుగా తీసుకుంది. రోజుకు లీటరున్నర కొలత పెట్టుకున్నవాళ్ళకు దాహం బాధ ఎక్కువగా ఉంది, జీవన నాణ్యతలో మాత్రం చెప్పుకోదగ్గ లాభం లేదు. ఇది జబ్బు నిలకడగా ఉన్నవాళ్ళ మీద చేసినది. దయచేసి ఎవరూ ఈ లేఖ చదివి సొంతంగా నీళ్ళు పెంచుకోకండి, మీ డాక్టరును అడగండి. నేను చెప్పేది ఒక్కటే. పేషెంట్లు దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్నకు స్టడీ రావడానికి ఇంతకాలం పట్టింది. ప్రశ్నలు ఎంచుకునే చోట మేం ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదు.

మాకు చెప్పే అభ్యంతరాలు కూడా తెలుసు. "మీకు స్టాటిస్టిక్స్ రావు కదా" అంటారు. రావు. ఆ పని మీదే, మేం వేలు పెట్టం. ఏది కొలవాలి, ఎక్కడ కొలవాలి, ఏ టైములో కొలవాలి అన్నదాంట్లో మాత్రం మా మాట కావాలి. "ఇద్దరు ముగ్గురు చెప్పింది అందరి మాట ఎలా అవుతుంది" అంటారు. అవదు, అందుకే ఎక్కువమందిని అడగమంటున్నాం. ఇద్దరి మాట అందరి మాట కాదు కాబట్టి ఎవరినీ అడగం అంటే ఒప్పుకోలేం. "టైమ్ లేదు, గ్రాంట్ గడువు దగ్గర పడింది" అన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. దానికి జవాబు చెప్పాల్సింది డాక్టర్లు కాదు, నిధులిచ్చేవాళ్ళు.

మా డిమాండ్లు ఇవి.

1. గ్రామీణ ఆసుపత్రిలో గుండె వైఫల్యం మీద ఏ స్టడీ చేసినా, ప్రోటోకాల్ (స్టడీ ఎలా చేయాలో రాసుకునే ప్రణాళిక) రాయడం మొదలుపెట్టకముందే కనీసం ఐదుగురు పేషెంట్లు, ముగ్గురు ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్న బృందాన్ని ఏర్పాటు చేయాలి. ఒక్కరు చాలరు. డాక్టర్ల మధ్య ఒక్కడే కూర్చుంటే నోరు పెగలదు. పైగా మా జబ్బు ఎప్పుడు ఎవరిని మంచాన పడేస్తుందో తెలియదు, ఒకరు రాలేకపోతే ఇంకొకరు ఉండాలి.

2. ఆ బృందంలో నాలాంటి చదువుకున్నవాళ్ళనే వేసి సరిపెట్టకండి. చదవడం రానివాళ్ళు, ఆడవాళ్ళు, అందరికంటే దూరంలో ఉండేవాళ్ళు తప్పకుండా ఉండాలి. దిండు సంగతి చెప్పినామెకు సంతకం చేయడం రాదు. ఆ స్టడీకి ఆమె చేసినంత మేలు నేను చేయలేదు.

3. దారి ఖర్చులు, పోయిన కూలి ముందే ఇవ్వాలి, తోడు వచ్చేవాళ్ళకు కూడా. బిల్లులు పెట్టుకుంటే తర్వాత ఇస్తాం అంటే లేనివాడు రాడు. మీటింగు గంటకు మించకూడదు. మెట్లు లేని గది, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండాలి. వీలైతే మీరే మా వైపు రండి.

4. ఫారాలు, డైరీలు, మిషన్లు అన్నీ ముందు పది ఇళ్ళలో వాడి చూశాకే ఖాయం చేయాలి. ఆసుపత్రిలో కాదు, ఇళ్ళలో.

5. నెలవారీ పరీక్షలు వీలైనంతవరకు ఊరికి దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలోనో, ఇంటి దగ్గరో చేయాలి. చేసిన ప్రతిసారీ ఆ రోజు మాత్రలు వేసుకున్నారా, లేకపోతే ఎందుకు అని అడిగి రాయాలి. ఇది తప్పు పట్టడానికి కాదని పేషెంటుకు ముందే చెప్పాలి, లేకపోతే నిజం చెప్పరు. స్టడీకి రావడం మానేసినవాళ్ళ కారణం వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి.

6. ఆయాసం తగ్గి, మనిషి స్థిమితపడ్డాక అంగీకారం మళ్ళీ అడగాలి. అప్పుడు వద్దంటే నిమిషంలో వదిలేయాలి. వైద్యానికీ స్టడీకీ సంబంధం లేదని ఇంటివాళ్ళ ఎదుట నోటితో చెప్పాలి.

7. ఎథిక్స్ కమిటీలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. పేషెంట్లు ఏం చెప్పారు, దానివల్ల ఏం మార్చారు, ఏది మార్చలేదు, ఎందుకు మార్చలేదు అన్న ఒక్క పేజీ లేకుండా ఏ దరఖాస్తుకూ అనుమతి ఇవ్వకండి. పరిశోధనలో పేషెంట్ల పాత్రను ఎలా నివేదించాలో చెప్పే గ్రిప్2 అనే జాబితా 2017 నుంచే ఉంది. దాని చిన్న రూపంలో ఉన్నవి ఐదే అంశాలు. మార్చనిదానికి కూడా కారణం రాయమనడం ముఖ్యం. మా మాట ప్రతిసారీ నెగ్గాలని కాదు, విన్నారని మాకు తెలియాలి.

8. నిధులిచ్చే సంస్థలు ఈ పనికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి. అసలు గ్రాంటుకు ముందే, డిజైన్ దశలో పేషెంట్లతో కూర్చోవడానికి చిన్న మొత్తం, కొన్ని నెలల గడువు ఇవ్వాలి. మీరు గడువు ఇవ్వకపోతే ఎంత మంచి డాక్టరైనా ఫారాలు అచ్చేశాకే మమ్మల్ని పిలుస్తాడు.

9. స్టడీ ముగిశాక ఏం తేలిందో మాకు చెప్పాలి. ఒక పేజీలో, మా భాషలో, చదవలేనివాళ్ళకు చదివి వినిపించాలి. పోయినవాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళి చెప్పాలి. నేనిచ్చిన రక్తంతో, నేను నడిచిన ఆరు నిమిషాలతో ఏం తేలిందో ఈరోజుకీ నాకు తెలియదు.

ఇందులో కొన్నిటికి కమిటీలు, బడ్జెట్లు కావాలి, అర్థం చేసుకోగలం. కొన్నిటికి ఏమీ అక్కర్లేదు. దిండ్ల ప్రశ్న ఈ వారమే మార్చవచ్చు. "రాత్రి ఎలా నిద్రపోతున్నారో చూపించండి" అని అడగండి, పక్కనున్న ఇంటివాళ్ళను కూడా అడగండి. ఫోన్ సాయంత్రం చేయడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. "ఈరోజు మాత్ర వేసుకున్నారా" అన్న ఒక్క లైను అచ్చయిన ఫారం మీద పెన్నుతో రాసుకున్నా చాలు.

మిగతావాటి మీద 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. సంతకం చేసిన 14 మందిలో మిగిలిన 11 మందిమీ కూర్చుని మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాం. పిలిచేటప్పుడు రెండు రోజులు ముందుగా కబురు చేయండి. ఆ రోజు నీరు తీసే మాత్ర ఏ టైముకు వేసుకోవాలో మా డాక్టరును అడిగి, వేసుకునే బయల్దేరతాం.

ఇట్లు,
ఒక గుండె వైఫల్య పేషెంటు,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు